తంతి మాస్టారికి ఓ ప్రశ్న: వదినగారికి ఫోన్ రాసిన సంతాపం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఏఐ గురించే. దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది, అంటే 1978లో, తంతి శాఖలో, అంటే టెలిగ్రాంల ఆఫీసులో, చేరాను. గుంటూరు కౌంటర్లో కూర్చుని జనం చెప్పిన మాటలు లెక్కబెట్టి డబ్బులు తీసుకోవడం నా ఉద్యోగం. చివరి కొన్నేళ్లు టెలిఫోన్ బిల్లులు కట్టించుకున్నాననుకోండి. ఆ అర్హత చూసే కాబోలు, ఫోన్ల సంగతి ఏదొచ్చినా ఎడిటర్‌గారు బ్రాడీపేటలోని మా ఇంటికి తోసేస్తారు. ఇంజనీర్ని కాను. నాకు తెలిసిన మేరకు చెబుతాను.

ప్రశ్న: మా కోడలి నాన్నగారు పోయినప్పుడు నేను మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నాను. వెళ్లలేక వదినగారికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. ఏం రాయాలో తోచక ఫోన్లో ఏఐని అడిగితే ఇలా రాసిచ్చింది: "మీ భర్త మరణవార్త విని తీవ్ర దిగ్భ్రాంతికి గురయ్యాను. ఈ క్లిష్ట సమయంలో మీకు మరియు మీ కుటుంబానికి నా హృదయపూర్వక సంతాపాన్ని తెలియజేస్తున్నాను. మీకు ఏదైనా అవసరమైతే నేను ఇక్కడ ఉన్నాను." బాగుందనిపించి అదే పంపాను. పన్నెండో రోజు మావాడు వెళ్తే ఆవిడ, "మీ అమ్మగారి మెసేజ్ చూసి కలెక్టరాఫీసు నుంచి వచ్చిందేమో అనుకున్నాను అల్లుడుగారూ" అన్నారట. ఇందులో తప్పేముందో చెప్పండి.
- ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, మొదటి మాట దగ్గరే చెడింది. 'మీ భర్త' అని ఏ వియ్యపురాలు ఏ వియ్యపురాలితో అంటుంది? బతికున్నన్నాళ్లూ ఆయన్ని మీరు 'అన్నయ్యగారూ' అనే పిలిచి ఉంటారు. పోయిన పూట ఆయన ఉన్నట్టుండి 'మీ భర్త' అయిపోయారు. ఆవిడకు ముందు గుచ్చుకున్నది అదే అయి ఉంటుంది. ఇక హృదయపూర్వకంగా మనం అభినందనలు చెబుతాం, స్వాగతం పలుకుతాం. చావింట్లో ఆ మాట వాడం. 'మీకు మరియు మీ కుటుంబానికి' అని నోటితో అని చూడండి, రాదు. 'మీకూ పిల్లలకూ' అంటాం. చివర్లో 'నేను ఇక్కడ ఉన్నాను' చదివి నాకు నవ్వొచ్చింది, క్షమించండి. మీరు తెనాలిలోనే ఉన్నారని ఆవిడకు తెలియదా?

ఈ యంత్రం చదువుకున్న చదువు ఏమిటంటే, లెక్కలేనన్ని ఇంగ్లీషు సంతాపాలు, తెలుగులోనైతే పేపర్లలో అచ్చయ్యే నాయకుల ప్రకటనలు. ఒక వియ్యపురాలు ఇంకో వియ్యపురాలి చెయ్యి పట్టుకుని ఏడుస్తూ అన్న మాటలు ఎక్కడా అచ్చు కాలేదు. అందుకని దానికి నాయకుల ఏడుపే తెలుసు.

అలాగని దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. నేను చేసిందీ దాదాపు అదే పని. జనం తెలుగులో చెప్పేవాళ్లు, నేను ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చేసి ఫారం మీద రాసేవాణ్ణి. మాట పెరిగితే డబ్బు పెరిగేది కాబట్టి ప్రేమ, మర్యాద, వరసలు అన్నీ ముందుగా కోసేసేవాళ్లం. పెళ్లిళ్లకు, పండగలకు అయితే శాఖవారే వాక్యాలు తయారుచేసి నంబర్లు వేసిపెట్టారు. నంబరు రాసిస్తే చాలు, అవతలి ఊళ్లో ఆ వాక్యం పూలబొమ్మల ఫారం మీద చేరేది. ఊరందరికీ అవే శుభాకాంక్షలు. ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఓ ఎండాకాలం మధ్యాహ్నం ప్రత్తిపాడు వైపు నుంచి ఓ రైతు వచ్చాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, "మా అన్న బొంబాయిలో ఉంటాడయ్యా. నాన్న పోయాడని చెప్పాలి. పోయాడని మాత్రం రాయబాకయ్యా" అన్నాడు. అన్న ఒక్కడే ఉంటాడా, పక్కన తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాను. ఒక్కడే, రైల్లో ఒక్కడే రావాలి అన్నాడు. 'ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ' అని రాశాను. నిజానికి 'సీరియస్' అంటే ఏమిటో అప్పట్లో అందరికీ తెలుసు. ఆ మాట చూడగానే ఇళ్లలో ఏడుపులు మొదలయ్యేవి. అయినా ఆ మాట పెట్టుకుని మనిషి రైలెక్కి ఇంటిదాకా రాగలిగేవాడు.

నేను ఆ రైతుని ఒక ప్రశ్న అడిగాను. మీ ఫోన్ మిమ్మల్ని ఏమీ అడగలేదు, మీరూ చెప్పలేదు. నిన్న నా ఫోన్లో ఇలా చెప్పి చూశాను: "నేను తెనాలిలో ఉండే అత్తగారిని. మా కోడలి నాన్నగారు పోయారు. ఆయన్ని అన్నయ్యగారూ అని, ఆవిడని వదినగారూ అని పిలుస్తాను. మంచం మీద ఉండి వెళ్లలేకపోయాను. మూడే వాక్యాలు రాయి. నోటితో అన్నట్టు ఉండాలి. మరియు వద్దు." వచ్చింది ఇదీ: "వదినగారూ, అన్నయ్యగారు ఇక లేరంటే నమ్మలేకపోతున్నాను. ఈ సమయంలో మీ పక్కన ఉండాల్సినదాన్ని, మంచం మీద ఉండిపోయాను. ఈ బాధను తట్టుకునే శక్తిని భగవంతుడు మీకు ప్రసాదించుగాక." మొదటి రెండూ పర్వాలేదు. మూడోది మళ్లీ మైకు ముందు నిలబడింది. దాన్ని కొట్టేసి 'నడవగలిగిన రోజు మొదట మీ ఇంటికే వస్తాను' అని నేనైతే రాసుకుంటాను.

ఇప్పుడిక ఇంకో మెసేజ్ పెట్టకండి. పలకరింపు మిగిలే ఉంది. ముందు ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడండి. మోకాలు కుదుటపడ్డాక మంచి రోజు చూసుకుని ఆటో ఎక్కండి.

ప్రశ్న: నేను మిర్చి యార్డులో కమీషన్ షాపు గుమాస్తాని. ఉత్తరాది వ్యాపారులతో వాట్సాప్‌లో బేరాలు నడుస్తాయి. నాకు హిందీ రాదు. ఫోన్లో తెలుగులో మాట్లాడితే అదే హిందీలోకి మార్చి ఇస్తుంది, అది పంపుతుంటాను. మొన్న 'తేజ తాలు 60 టిక్కీలు ఉన్నాయి' (తేజ అనేది మిర్చిలో ఒక రకం, టిక్కీ అంటే బస్తా) అంటే అవతలికి 60 బస్తాల తాళాలు ఉన్నాయని పోయింది. వాళ్లు నవ్వుకున్నారు. మా షావుకారు నవ్వలేదు. ఈ పద్ధతి మానేయమంటారా?
- గుంటూరు

జవాబు: మానొద్దు. తాళాలని పోయింది కాబట్టి బతికిపోయారు, అది ఎవరైనా పట్టుకుంటారు. పట్టుకోలేని తప్పు పోయిన రోజున షావుకారు నిజంగానే నవ్వడు.

మీ ఫోన్లో జరిగే పని ఒకటి కాదు, వరసగా రెండు. ముందు మీ మాటను అక్షరాల్లోకి మార్చే చోట 'తాలు'ని 'తాళాలు'గా విన్నది. రంగు పోయిన కాయను తాలంటామని దానికి తెలియదు, తాళం మాత్రం తెలుసు. తెలిసిన మాటకేసి జరిగింది. తర్వాత అనువదించే చోట ఆ తప్పును శుభ్రంగా హిందీ చేసింది. రెండోవాడి పనిలో తప్పు లేదు పాపం. అందుకే పంపే ముందు హిందీ వైపు చూడకండి, అది మీకు అర్థం కాదు. పైన పడిన తెలుగును చూడండి. అది సరిగ్గా ఉంటే సగం గండం గడిచినట్టే. హిందీని మళ్లీ తెలుగులోకి తిప్పించి చదివితే మిగతా సగం.

యార్డు మాటలకు యంత్రాన్ని నమ్ముకోవద్దు. మన తాలును ఆ వ్యాపారులు ఫట్కీ అంటారు. అలాంటి మాటలు ఓ ఇరవై ఉంటాయేమో, ఒక హిందీ గుమాస్తాను టీకి పిలిచి రాయించుకుని ఫోన్లో దాచుకోండి.

అసలు భయం రేటు దగ్గర. మీరు 'పదమూడున్నర' అంటారు. వేలని ఎవరూ అనరు, యార్డులో అందరికీ తెలుసు. ఫోన్‌కి తెలియదు. రేటు ఎప్పుడూ నోటితో చెప్పకండి, 13,500 అని అంకెలు వేలితో కొట్టండి. మా తంతిలో కొలేషన్ అని ఒక పద్ధతి ఉండేది. టెలిగ్రాంలో అంకెలుంటే పంపేవాడు చివర్లో వాటిని మళ్లీ ఒకసారి పంపాలి, అందుకునేవాడు రెండూ సరిచూసుకోవాలి. తీగ మీద చుక్కలు, గీతలుగా వెళ్లే అంకెలో ఒక్క చుక్క జారినా అంకె మారిపోతుంది కదా. మీరూ మెసేజ్ చివర్లో విడిగా ఒక లైను వేయండి: 60, 13,500. బేరం తెగేటప్పుడు మాత్రం హిందీ వచ్చినవాళ్లతో ఒక ఫోన్ కాల్ చేయించండి.

ప్రశ్న: ఏఐ తెలుగులో జవాబు చెప్పేటప్పుడు ముందు ఇంగ్లీషులో అనుకుని తర్వాత తెలుగు చేస్తుందా? మా హాస్టల్లో దీని మీద పెద్ద గొడవ. తెలుగులో అడిగితే ఫ్రీ లిమిట్ త్వరగా అయిపోతోందని కూడా మా రూమ్మేట్ అంటున్నాడు.
- ఇంజనీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: మీ రూమ్మేట్‌కి నా లెక్కలో ఓ టీ ఇప్పించు. వాడి అనుమానంలో సరుకుంది.

ముందు గొడవ సంగతి. గూగుల్ ట్రాన్స్‌లేట్ 2006లో మొదలైంది, తెలుగు అందులోకి 2011లో వచ్చింది. అది చేసేది అనువాదం, ఒక భాష ఇస్తే ఇంకో భాష. 2022 నవంబరు 30న వచ్చిన చాట్‌జీపీటీ తరహావి వేరు. అవి ఇప్పటిదాకా ఉన్న మాటలు చూసి తర్వాతి ముక్క ఏది రావచ్చో లెక్క వేసుకుంటూ పోతాయి. తెలుగు జవాబు తెలుగు ముక్కలుగానే పుడుతుంది, ఇంగ్లీషులో రాసి దాన్ని అనువదించడం కాదు. జవాబుకు ముందు 'ఆలోచించే' కొత్త రకాలు మాత్రం చిత్తు కాగితం ఇంగ్లీషులో రాసుకోవచ్చు. కాకపోతే చదివిందాంట్లో ఇంగ్లీషే ఎక్కువ కాబట్టి వాక్యం నడక అటు లాగుతుంది. కాన్వెంట్‌లో చదివిన పిల్లాడు తెలుగు మాట్లాడినట్టు.

ఇక ముక్కల సంగతి. వీటిని టోకెన్లంటారు. ఇంగ్లీషు అక్షరం కంప్యూటర్లో ఒక బైటు. అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో నంబరు ఇచ్చే ఏర్పాటు యూనికోడ్. దాన్ని మామూలుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటీ 3 బైట్లు. 'స్త్రీ' అని రాసి చూడు. కంటికి ఒక్క అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమున్న గుడి, మొత్తం ఆరు గుర్తులు, 18 బైట్లు. ఇంగ్లీషు బాగా తిన్న యంత్రం ఇంగ్లీషు మాటను ఒక్క ముక్కగా గుర్తుపడుతుంది, తెలుగు మాటను మాత్రం కందిపప్పులా బద్దలు చేసుకుంటుంది. ఓపెన్‌ఏఐ 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేస్తూ తనే ఒక లెక్క చూపించింది. ఒకే పరిచయ వాక్యానికి పాత పద్ధతిలో ఇంగ్లీషుకు 27 టోకెన్లు, తెలుగుకు 159. కొత్త పద్ధతిలో ఇంగ్లీషు 24, తెలుగు 45. బాగా తగ్గింది, కానీ ఇప్పటికీ దాదాపు రెట్టింపు. వాడకాన్ని టోకెన్లతో కొలిచేచోట మీ రూమ్మేట్ మాట నిజం. మెసేజ్‌ల లెక్కన కొలిచేచోట తేడా ఉండదు.

నాకు ఇది కొత్తగా అనిపించలేదు. మా కౌంటర్లో మాటకింత. తర్వాత ఎస్సెమ్మెస్ వచ్చింది, ఇంగ్లీషులో కొడితే 160 అక్షరాలు, తెలుగులో కొడితే 70 గుర్తులు. ఇప్పుడు టోకెన్లు. తీగ మారినప్పుడల్లా తెలుగువాడి టికెట్టు ఎక్కువే.

మన తెలుగు దానికి తక్కువ దొరకడానికి ఇంకో కారణం మీ ఊళ్లోనే ఉంది. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లోకి వెళ్లి 1990ల తర్వాతి పుస్తకం ఏదైనా తీయి. చాలామటుకు డీటీపీలో, అను లాంటి ఫాంట్లతో కొట్టినవే. కాగితం మీద తెలుగు. కంప్యూటర్ లోపల మాత్రం అవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కలగాపులగం, తెలుగు రూపాలను వాటి మీద అతికించారంతే. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటుంది, అచ్చు రంగం అటు కదలడానికే ఏళ్లు పట్టింది. అన్నేళ్లు కొట్టిన తెలుగును ఫైలుగా తెరిచినా యంత్రం చదవలేదు. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, కేంద్రం 2022లో మొదలుపెట్టిన భాషల పథకం భాషిణి ఈ లోటు పూడ్చే పనిలోనే ఉన్నాయి. చదువయ్యాక నీకూ అక్కడ పని దొరకొచ్చు.

అన్నట్టు, 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' దెబ్బకు ఐఫోన్లు కూలిపోయాయి, గుర్తుందా? మెసేజ్‌లో ఆ అక్షరం కనబడితే చాలు, యాప్ మూతపడేది. యాపిల్ హడావిడిగా కొత్త అప్‌డేట్ ఇచ్చింది. అప్పుడు నువ్వు స్కూల్లో ఉండి ఉంటావులే.

ప్రశ్న: నా పూర్వ విద్యార్థులు 'ela unnaru' అన్నట్టు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తూ ఉంటే ఒళ్లు మండిపోతోంది. ఏఐ వచ్చాక ఇది ఇంకా పెరుగుతుందా?
- విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, నరసరావుపేట

జవాబు: మాస్టారూ, ఉత్తరంలో ఆ రెండు మాటలూ మీరూ ఇంగ్లీషులోనే రాశారు. 'ఎలా ఉన్నారు' అని రాసినా నాకు అర్థమయ్యేది. 70 గుర్తులకే మెసేజ్ నిండిపోయే రోజుల్లో, తెలుగు కీబోర్డే లేని ఫోన్లలో పడిన అలవాటు అది. పిల్లల్ని తిట్టి లాభం లేదు. ఇప్పుడు అలా కొట్టినదాన్నే కీబోర్డు తెలుగు లిపిలోకి మార్చేస్తోంది, మైకు నొక్కి మాట్లాడితే తెలుగులోనే పడుతోంది. కాబట్టి తగ్గుతుందనే నా అంచనా. మీ క్షేమం కనుక్కోవాలని వాళ్లకు అనిపించడం నాకు ముఖ్యంగా కనిపిస్తోంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో చదివే మా మనవడి గొంతుతో ఫోన్ వచ్చింది. "అమ్మమ్మా, యాక్సిడెంట్ చేశాను, పోలీసులు పట్టుకున్నారు, అర్జెంటుగా యాభై వేలు పంపు, అమ్మకి చెప్పొద్దు" అని ఏడుపు. గొంతు అచ్చం వాడిదే. టెన్షన్‌తో చేతులు వణికాయి. కానీ మావాడు నన్ను చిన్నప్పటి నుంచీ 'బెజవాడమ్మా' అంటాడు, అమ్మమ్మా అనడు. అనుమానం వచ్చి పెట్టేసి వాడి నంబరుకు చేశాను. వాడు క్యాంటీన్‌లో దోసె తింటున్నాడు. గొంతు ఎలా దొంగిలించారు?
- రిటైర్డ్ స్టాఫ్ నర్సు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీ ఉత్తరం మా ఆవిడకు చదివి వినిపించాను. "ఆ పిల్లాడి పిలుపే కాపాడింది" అంది.

గొంతు దొరకడం ఇప్పుడు కష్టమేమీ కాదు. పిల్లలు పెట్టే రీల్సులో కొద్ది సెకన్ల మాట దొరికితే చాలు, ఆ గొంతుతో ఏ వాక్యమైనా పలికించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఏడుపు కలిపితే చిన్న చిన్న తేడాలు వినబడవు. గొంతు వస్తుంది కానీ ఇంట్లో ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో దానితోపాటు రాదు. మీ 'బెజవాడమ్మా' సంగతి రీల్సులో లేదు కాబట్టి దొంగకు తెలియలేదు.

వేరే ఊరికి ఫోన్ కావాలంటే ఆపరేటర్‌తో బుక్ చేసుకునే ట్రంక్ కాల్ రోజుల్లో పీపీ కాల్ అని ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. ఫలానా మనిషే కావాలని బుక్ చేస్తే, ఆపరేటర్ ఆ మనిషిని పిలిపించి, ఆయనే అని అడిగి, అప్పుడు కలిపేది. ఇప్పుడు ఆ ఆపరేటర్ లేదు, ఆ పని మనమే చేసుకోవాలి. మీరు చేసింది సరిగ్గా అదే. ఫోన్ పెట్టేసి, మన దగ్గరున్న నంబరుకు మనం చేయాలి. వాళ్లు ఇచ్చిన నంబరుకు కాదు. 'అమ్మకి చెప్పొద్దు' అన్నారంటే ముందు అమ్మకే చెప్పాలి.

ఇంటిల్లిపాదీ కలిసి ఒక ప్రశ్న అనుకోండి, జవాబు మీకే తెలిసుండాలి, ఎక్కడా పోస్టు చేసి ఉండకూడదు. మా ఇంట్లో ఒకటి ఉంది, ఇక్కడ రాస్తే దాని పని అయిపోతుంది. డబ్బు పోయినవాళ్లు సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు బ్యాంకుల్లో ఆగే అవకాశం అంత ఎక్కువ. వీడియో కాల్‌లో ఖాకీ డ్రెస్సు చూపించి 'డిజిటల్ అరెస్ట్' అనేవాళ్లదీ ఇదే గుంపు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. 2024 అక్టోబరులో ప్రధాని మోదీ కూడా మన్ కీ బాత్‌లో ఈ మాట చెప్పారు.

దోసె తింటున్న మనవడికి నా ఆశీస్సులు.

ప్రశ్న: ఆటోనగర్‌లో మెకానిక్‌ని. మా ఆవిడకు చదువు రాదు. హాస్టల్లో ఉన్న మా అమ్మాయి మెసేజ్‌లు పెడుతుంది, నేను ఇంటికెళ్లి చదివేదాకా ఆవిడ ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. వచ్చిన మెసేజ్‌ను ఫోనే చదివి వినిపించే ఏర్పాటు ఉందా? కరెంటు బిల్లులాంటివి వాట్సాప్‌లోనే అయిపోతాయంటున్నారు, నిజమేనా?
- విజయవాడ

జవాబు: ఉంది. ఆండ్రాయిడ్ ఫోనయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోట 'సెలెక్ట్ టు స్పీక్' ఉంటుంది. అది ఆన్ చేసి, తెర మీద వచ్చే దాని గుర్తును నొక్కి, తర్వాత మెసేజ్ మీద వేలు పెడితే చదువుతుంది. చదివే గొంతుకు తెలుగు ఎంచుకోవాలి. అమ్మాయిని తెలుగు లిపిలో కొట్టమనండి, ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఫోన్ దాన్ని దొరల తెలుగులా చదువుతుంది. బదులివ్వడానికి మీ ఆవిడ కీబోర్డు మీద మైకు నొక్కి మాట్లాడొచ్చు. ఒక ఇబ్బంది ఉంది. 'ఏంది', 'వత్తన్నా', 'ఎల్లొచ్చా' అంటే అది తడబడుతుంది, పేపరు భాష బాగా వింటుంది. ఆవిడ మాట మార్చుకోనక్కర్లేదు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ 2013 నుంచీ ఉంది, అదే పెట్టమనండి. హాస్టల్లో ఉన్న పిల్లకు 'తిన్నావా అమ్మా' అన్నది అమ్మ గొంతులో వినడమే బాగుంటుంది.

బిల్లుల సంగతి నిజమే. మన రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో 161 సేవలతో మొదలుపెట్టింది. నంబరు 9552300009. ఆ పేరు చెప్పుకుని వేరే నంబర్ల నుంచి వచ్చే లింకులు మాత్రం ముట్టుకోవద్దు.

ప్రశ్న: గవర్నర్‌పేటలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. ఇప్పుడు శుభలేఖల మ్యాటర్ ఏఐతో రాయించుకుని వస్తున్నారు. మొన్న ఒకరు తెచ్చినదాంట్లో వరుడి పేరు ముందు కూడా 'చి.ల.సౌ.' ఉంది. చివర 'మీ ఉనికే మాకు గొప్ప బహుమతి' అని ఉంది. మారుద్దామంటే, కంప్యూటర్ రాసింది నీకేం తెలుసంటున్నారు.
- విజయవాడ

జవాబు: 'చి.ల.సౌ.' అంటే చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అని విడమరిచి చెప్పండి. మగపెళ్లివారు చదివితే పెళ్లిలో ఏమవుతుందో కూడా చెప్పండి, వాళ్లే మార్చమంటారు. 'ఉనికి' దొంగకో పులికో ఉంటుంది, పోలీసులో అటవీశాఖ వాళ్లో కనిపెడతారు. చుట్టాలు పెళ్లికి 'వస్తారు'. 'మీరు రావడమే మాకు సంతోషం' అంటే సరిపోతుంది.

అయితే ఒక మాట. 'మదర్పిత చందన తాంబూలాది సత్కారములు' అని మీరు ఎన్ని వేల కార్డుల్లో కొట్టి ఉంటారు? కార్డు అందుకున్నవాళ్లలో ఎందరు దాన్ని చదివారు? అదీ అచ్చులో పోసిన మాటే, కాకపోతే మన అచ్చు. అందుకని ఆ కస్టమర్‌ని మరీ తక్కువ చేయను. వాళ్లకు కొత్తగా చెప్పాలని ఉంది, చేతకాలేదు. పెళ్లికూతురి మేనత్తనో బాబాయినో పిలిచి, మీ అమ్మాయి గురించి రెండు ముక్కలు చెప్పండి, అవే వేద్దాం అని అడిగి చూడండి. ప్రూఫు మాత్రం కాగితం మీదే తీసి సంతకం చేయించుకోండి. కార్డులు అచ్చయ్యాక తప్పు దొరికితే వాళ్లు కంప్యూటర్‌ని తిట్టరు, మిమ్మల్ని తిడతారు.

సవరణ: గత సంచికలో మన దేశంలో టెలిగ్రాం సేవ 2012లో ఆగిపోయిందని రాశాను. తప్పు. చివరి టెలిగ్రాములు వెళ్లింది 2013 జూలై 14న. కౌంటర్లో నా పక్క కుర్చీలో పనిచేసి, ఇప్పుడు మంగళగిరిలో ఉంటున్న మిత్రుడు పొద్దున్నే ఫోన్ చేసి మరీ తిట్టాడు. ఇది ఏ ఏఐ చేసిన తప్పూ కాదు. 2012లో రిటైరైంది నేను. నాతోపాటే ఆగిపోయిందనుకున్నాను కాబోలు.